వెనక గోడ మీద సముద్రం

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఇంత పెద్ద మాట అన్నవాడు మా వైపు అరచేతిలో కర్పూరం వెలిగించి, ఆర్పి మరీ ప్రమాణం చేయాలి. నేను అందుకు సిద్ధమే, కానీ మా ఇంటి నడవలో కర్పూరం వెలిగించకూడదు. అగరుబత్తి కూడదు, దోమల చుట్ట కూడదు, తిరగమాతలో మిరపకాయ మాడినా వంటింటి తలుపు మూసేయాలి. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది. అందుకని మా ఇంట్లో ఎన్నటికీ కొదవ పడని వస్తువును, ఉప్పును, పిడికిట్లో పట్టుకుని చెబుతున్నాను. కూరలో వేసే ఉప్పు కాదిది. బకెట్లలో వస్తుంది, శుద్ధి చేసిన నీళ్లలో కలిపితే సముద్రమవుతుంది. ఈ ఉప్పు సాక్షిగా చెప్పేదాంట్లో రవ్వంత కల్పించినా నా నాలుక మీద పుండు లేవనీ. నన్నెరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనీ.

నేను డ్రిప్పు పైపులు అమ్ముతాను. కాపురం చిక్కబళ్లాపురంలో, తిరుగుడు బాగేపల్లి, చింతామణి వైపు. ఇరవై ఏళ్లుగా ఈ మూడూళ్ల మధ్య బండి నడిపి నడిపి, ఏ గుంత ఏ వానకు పుట్టిందో చెప్పగలను. పైపులు అమ్మడానికి నాకున్న పెట్టుబడి నోరొక్కటే. గట్టు మీద కూర్చుని రైతుకు ఏదో ఒక కథ చెప్పనిదే పైపు మాట ఎత్తను. పేరేసంద్రలో హైవే పక్కన ఒక టీ హోటలుంది. దాని యజమానిది నా వయసే. నేను బండి ఆపగానే, "ఏమప్పా, ఈ పొద్దు ఏమి వండుకొచ్చినావు?" అంటాడు. టీ అతనిది, వంట నాది.

నా కథల్లో చాలావాటికి పుట్టిల్లు ఒకే ఒక్క ఏడాది. పెళ్లికి ముందు నేను మంగళూరు అవతల చేపల పడవలో పనిచేశాను. చీకటితో బయల్దేరి, ఎండెక్కేసరికి వల లాగి, మధ్యాహ్నానికి ఒడ్డుకు చేరేవాళ్లం. ఒడ్డున ఒక నల్లటి రాయి ఉండేది, పడుకున్న ఎద్దులాగా. దాని మెడ దగ్గర ఒక ఇనుప కడియం, పడవలు కట్టేందుకు. పని లేని పూట ఆ రాయికి వీపు ఆనించి కూర్చుని అలలు లెక్కపెట్టేవాణ్ణి.

శిడ్లఘట్టకూ చింతామణికీ మధ్య ఒక పల్లెలో పెళ్లిచూపులకు పోయినప్పుడు, తల వంచుకుని కాఫీ తెచ్చిన అమ్మాయి నన్ను అడిగింది ఒక్కటే మాట.

"సముద్రం ఎట్లుంటాది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. రాయి, కడియం, నీటి మీద పొద్దు, కాలి కింద నుంచి ఇసుక జారిపోవడం. కాఫీ చల్లారింది. పెద్దవాళ్లు దగ్గారు. "నాకు చూపిస్తావా?" అంది. చూపిస్తానన్నాను. అలా మాకు పెళ్లయింది.

ఆమె ఆ మాట అడగడంలో వింత లేదు. వాళ్లది పట్టుపురుగుల ఇల్లు. పురుగులు మేస్తున్నన్నాళ్లు దినానికి నాలుగుసార్లు మల్బరీ ఆకు వేయాలి. వేళ తప్పితే గూడు పలచబడుతుంది. ఒక పంట గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయేసరికి ఇంకో పంట గుడ్లు ఇంటికొచ్చేవి. మా అత్త నలభై ఏళ్లలో ఆ ఇంటికి తాళం వేసి ఎరగదు. పెళ్లిళ్లకు వస్తే అక్షింతలు వేసి, అన్నం కూడా తినకుండా ఆకు వేళకు వెళ్లిపోయేది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ సముద్రాన్ని గోడకు తగిలించిన క్యాలెండర్లోనే చూశారు. ఆ క్యాలెండరు ఏళ్లు గడిచినా తీయలేదు.

ఇక తొట్టె సంగతి. చిక్కబళ్లాపురం దాటాక కొండ కింద తోట కొనుక్కున్న బెంగళూరు ఆసామి ఒకాయన నా దగ్గర పైపులు వేయించుకున్నాడు. ఆయన హాల్లో నాలుగడుగుల గాజుతొట్టె. అందులో ఉప్పునీళ్లు, బొరియలున్న రాళ్లు, నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండు, రాళ్ల మీద అక్కడక్కడా పగడాలు. పగడమంటే ఉంగరంలో పెట్టేదే అనుకునేవాణ్ణి. అది బతికే ప్రాణి అనీ, వెలుతురు తిని పెరుగుతుందనీ ఆయన చెప్పాడు. తర్వాత ఆయన దేశం వదిలి పోవలసి వచ్చింది. "నువ్వు సముద్రంలో పనిచేశానన్నావు గదా, నీకే దీని విలువ తెలుస్తుంది, తీసుకుపో," అన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నా కథ నాకే అడ్డం తిరగడం అదే మొదలు.

నలుగురు కూలీలు తొట్టెను మెట్లెక్కించి నడవలో పెట్టినప్పుడు మా ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"సముద్రం చూపించప్పా అంటే, సముద్రాన్ని ఇంటికి తెస్తివా?"

ఆమె నవ్వుతూనే అంది. ఆ నవ్వు తర్వాత్తర్వాత పలచబడింది.

తొట్టెకు వెనక అద్దం ఉంది, దాని వెనక మా ఇంటి గోడ. అద్దెయింటి గోడ, పెచ్చులూడి నీలం కింద పచ్చ, పచ్చ కింద సున్నం కనబడుతుండేది. చేప ఈదుతుంటే దాని వెనక మా ఇంటి పెచ్చులు. నాకు చిన్నతనంగా ఉండేది. పేరేసంద్రలో మాత్రం ఆ మాట చెప్పలేదు. మా తొట్టె వెనక గోడంతా పగడాల కొండ అనీ, నందికొండంత నిటారుగా లేచిందనీ, అందులో ఒక చేపకు కన్నడం వచ్చనీ చెప్పాను. పాత యజమాని దానితో కన్నడంలోనే మాట్లాడేవాడు, తెలుగులో పిలిస్తే రాదు, "బా బా" అంటే పైకొస్తుంది. హోటలతను గ్లాసు కడుగుతూ, "ఎస్సెల్సీ పాసయిందా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కానీ వెంటనే అతను, "చేపను తర్వాత చూస్తా. ఆ పగడాల గోడ చూడల్ల. మాయింట్లో పిల్లకు కుజదోషమంటాండారు, చిన్న ముక్క యిద్దువు," అన్నాడు.

గోడ లేదు. కాబట్టి గోడ కట్టాలి.

పగడాన్ని నిలువు గోడ మీద పెంచడం రాయి మీద పెంచినట్టు కాదు. రాయి మీద ముక్కను పెడితే కూర్చుంటుంది. గోడ మీద పెడితే జారుతుంది. ముక్క అడుగును గుడ్డతో తుడిచి, చిక్కటి జిగురు రాసి, దాని మీద నీళ్లలో గట్టిపడే ముద్ద అద్ది, మోచేతి దాకా తొట్టెలో ముంచి, ముక్కను అద్దానికి అదిమి పట్టుకుని నిలబడాలి. ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి. వదిలితే నిలిచేది. నిలిచిందని కాఫీ తాగి వచ్చేసరికి రాళ్ల వెనక పడి ఉండేది. అక్కడికి చెయ్యి పోదు. తొట్టెలోని నత్తలు రాత్రికి రాత్రి రెండు ముక్కలు తోసేసేవి. గట్టిపడ్డ జిగురుతో నా వేళ్లు ఒకదానికొకటి అంటుకుని, చింతామణిలో ఒక రైతుకు నమస్కారం పెడితే చేతులు విడదీయడానికి అతనే సాయం పట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది చంద్రిక. పట్టుపురుగు పండినాక గూడు కట్టుకోవడానికి దాన్ని ఎక్కించే చట్రమది. ముందు వెదురుతో అల్లేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి, గళ్లు గళ్లుగా, మడతలు మడతలుగా. మా అత్త అటక మీద కొత్తది ఒకటుంటే చెప్పకుండా తెచ్చుకున్నాను. కడిగి, వెనక అద్దానికి ఆనించి నిలబెట్టి, ఒక్కో గడిలో ఒక్కో పగడం ముక్క దూర్చాను. ఒక్కటీ జారలేదు. దీపాలు పైనుంచి కాబట్టి పై గళ్లలో వెలుతురు కోరుకునే పళ్లేల్లాంటి పగడాలు, నీడ పడే కింది గళ్లలో పుట్టగొడుగుల్లాంటివి. మధ్యలో ఒక ముక్క, ఊదారంగు చాప మీద పచ్చటి వెంట్రుకలు మొలిచినట్టుండేది. దాన్ని మాత్రం విడిగా ఒక రాయి మీద ఉంచమని చెప్పారు, ఫోనులో పరిచయమైన పగడాలవాళ్లు. నాకు అందంగా కనబడింది. నడిమి గడిలో పెట్టాను.

ఏడాది తిరిగేసరికి ఆ పచ్చచాప గోడంతా ఎక్కింది. చంద్రికను మింగింది, నీళ్లు పీల్చే గొట్టం మూతిని చుట్టుకుంది, వెనక అద్దం అంచుల దాకా పాకింది. పంపు నీళ్లను తోసినప్పుడు గోడ మొత్తం వరిమడిలా ఊగేది. ఎంత అందమంటే, మా ఆవిడ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆపి చూసేది. కానీ ఇక ఆ గోడను తీయడం నా వల్ల కాదు. తీయాలంటే చీల్చాలి. తొట్టెను కదపాలన్నా గోడ ఊడాలి. పగడాలు గోడను పట్టుకున్నాయి, గోడ నన్ను పట్టుకుంది.

ఎలా పట్టుకుందంటే, నీళ్లు దినమూ ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. పొద్దున్నే తగ్గినంత మంచినీళ్లు పోయకపోతే లోపల ఉప్పెక్కువై ప్రాణులు ముడుచుకుంటాయి. మా బోరు నీళ్లు పనికిరావు, శుద్ధి మిషనులోంచి బొట్టు బొట్టుగా పట్టాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, ఇన్వర్టరు చూసుకోవాలి. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఫ్యాను పెట్టాలి. నేను బాగేపల్లి పోయి పొద్దు గూకేలోపు తిరిగొచ్చేవాణ్ణి. గౌరిబిదనూరులో మా మేనమామ మనవడి పెళ్లికి పోయి తాళి కట్టడం చూడకుండా వచ్చేశాను. ఎక్కడ ఉన్నా మనసులో నీటిమట్టం దిగుతూ ఉండేది. కథ చెబుతూ చెబుతూ మధ్యలో లేచి బండెక్కేవాణ్ణి. హోటలతను, "ముందర నువ్వు కథ ముగిచ్చినాక మేం లేస్తా వుంటిమి. ఇప్పుడు నువ్వే లేచిపోతాండావు," అన్నాడు.

ప్రతి ఏడూ మా ఆవిడ అడిగేది. ఈ ఏడు పోదామా? ప్రతి ఏడూ నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. కొత్త ముక్క ఇంకా అతుక్కోలేదు. నీళ్లు మార్చాను, కుదురుకోవాలి. ఎండ ఎక్కువగా ఉంది. "నేను లేకుంటే అన్నీ చస్తాయి," అనేవాణ్ణి. ఆమె గోడ వైపు చూసి వంటింట్లోకి వెళ్లేది. ప్రాణాలతో ఉన్నవాటిని చంపమని ఆమె ఎలా అంటుంది? నాకు అది తెలుసు.

ఇంతలో మా అత్త పురుగులు మానేసింది. మల్బరీ తోట కౌలుకిచ్చేసి, చంద్రికలు ఎవరికో పంచేసి, ఒక సంచితో మా ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడు మెట్ల మీద మూడుసార్లు కూర్చుంది. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పాడట, ఇంకో ఏడాదికి కర్ర, ఆ తర్వాత మంచం అన్నాడట. నడవలోకి వచ్చి, తొట్టె ముందు బాసింపట్టు వేసుకోలేక కాళ్లు చాపి కూర్చుని, చాలాసేపు చూసింది. తన చంద్రికను గుర్తుపట్టిందో లేదో తెలియదు. పచ్చచాప కింద దాని ఒక మూల మాత్రమే కనబడుతుండేది.

"నా పురుగులు నన్ను యాడికీ పోనీలేదప్పా," అంది మెల్లగా. "అవి ఇడిసిపెట్టె అనుకుంటే మోకాళ్లు పట్టుకుండె. కాళ్లాడేటప్పుడే ఒక తూరి సముద్రంలో పాదం పెట్టల్లని ఉండాది. నీ పురుగులు పోనిస్తాయా?"

ఇవి పురుగులు కావత్తా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. గూట్లో ఉండేది, వేళకు మేసేది, పొగ పడనిది, మనిషిని ఇంట్లో కట్టేసేది పురుగు కాక ఇంకేమిటని అడిగింది.

మర్నాటి నుంచి మా ఇల్లు పట్టుపురుగుల ఇల్లయింది. నేను పెట్టుకున్న నిషేధాలు చాలవని ఆమె ఇంకొన్ని కలిపింది. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడాయి. నడవ గడప మీద సున్నప్పొడి గీత పడింది. కాళ్లు కడుక్కోకుండా నన్ను నడవలోకి రానిచ్చేది కాదు, నా తొట్టె దగ్గరికి నన్నే. ఒక ఆదివారం పేరేసంద్ర హోటలతను ఎట్టకేలకు గోడ చూడటానికి వచ్చాడు. మా అత్త గడపలోనే ఆపి, "స్నానం చేసొచ్చినావా అప్పా? లోపల జీవాలుండాయి," అంది. పొద్దున్నుంచీ పొయ్యి ముందే నిలబడి వచ్చాడతను. గడప అవతల నుంచే మెడ సాచి చూసి, చేపను "బా బా" అని రెండుసార్లు పిలిచి వెళ్లిపోయాడు. చేప పైకి వచ్చిందని ఒప్పుకున్నాడు కూడా.

ఆ రోజుల్లో గోడ పై వరస పగడాలు పెరగడం మానేశాయి. అంచులు మాసిపోయి, పాత చీర కొంగులా ఉండేవి. నేను దీపాలు మార్చాను, పంపును వేరే వైపు తిప్పాను, లాభం లేదు. ఒక రోజు బాగేపల్లి పోయి సాయంత్రం వచ్చేసరికి మా అత్త తొట్టె పక్క స్టూలు మీద కూర్చుని చెంబుతో ఏదో పోస్తోంది. కొంచెం పోసి, కాసేపు ఆగి, మళ్లీ కొంచెం. పోసిన చోట నీళ్లలో పలచటి తెల్లపొర పుట్టి కరిగిపోతోంది.

ఏమిటని అరిచాను. సున్నపు తేట అంది. బకెట్టు నీళ్లలో సున్నం కలిపి, పొద్దున్నుంచీ కదపకుండా ఉంచి, పైన తేరిన తేటను వంచి పోస్తోందట. అన్నీ చంపేశావత్తా అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

మా అత్త చెంబు దించలేదు. "బిడ్డలకు తాపే తేటే గదప్పా ఇది. గుల్లను కాల్చి సున్నం జేస్తారు. అట్లయితే గుల్ల కట్టే జీవానికి సున్నం వద్దా?"

ఆ రాత్రి ఆ పగడాలవాళ్లకే ఫోనులో రాసి అడిగాను. వచ్చిన సమాధానం చదివి ఫోను బోర్లా పెట్టాను. పగడాలు పెంచేవాళ్లు చాలామంది చేసేది ఇదేనట. తగ్గిన మంచినీళ్ల బదులు సున్నపు తేటను బొట్లు బొట్లుగా పోస్తారట. గూడు కట్టుకోవడానికి వాటికి కావలసింది అదేనట. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆమె దినమూ పోస్తూనే ఉంది, వారం తిరక్కుండా పై వరస పగడాల అంచున సన్నటి తెల్లగీత లేచింది, కొత్త గోరులాగా. మొదట చూసింది మా ఆవిడ. పెరుగుతాండాయి అంది. గొంతులో సంతోషం పగడాల కోసం కాదని నాకు అర్థమయింది.

రెండు రోజుల తర్వాత నేను కాళ్లు కడుక్కుని నడవలోకి వచ్చేసరికి తొట్టె పైన గోడ అరలో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. దానికి నా సంచిలోని సన్నపైపు, పైపు కొసన నేను టమాటా చేలకు అమ్మే బొట్ల బిళ్ల. టప్, టప్ మని తేట తొట్టెలో పడుతోంది. కట్టింది మా ఆవిడ.

"ఊరందరి చేన్లకూ నువ్వే డ్రిప్పు పెడితివి," అంది. "నీ తొట్టెకు ఒకటి పెట్టుకోవల్లని ఇన్నేండ్లకూ తోచలేదా నీకు?"

నిజంగా తోచలేదు. ఇది ఎవరూ నమ్మరు. నేనే నమ్మను. రెండు దినాలు పరీక్షించాం. నీటిమట్టం ఒక వేలు కూడా కదలలేదు. డ్రమ్ము నిండా పోస్తే నాలుగు దినాలొస్తుంది. ఇన్వర్టరుంది. గోనెపట్టాలు తడపడానికి కిందింటి ఆమె ఒప్పుకుంది. మంగళూరు బస్సుకు మూడు సీట్లు చూస్తానంది మా ఆవిడ.

ఒక్కసారిగా తలుపు తెరుచుకుంటే ఊపిరాడాలి. నాకు ఆడలేదు. పైపు ఊడిపోతే ఇల్లంతా నీళ్లు అన్నాను. ఇన్వర్టరు బ్యాటరీ పాతది అన్నాను. బాగేపల్లిలో ఒక పెద్ద తోట పని తగిలింది అన్నాను. చెబుతూ ఉంటే నా మాటలు నాకే ఎండిన జిగురులా పెళపెళలాడాయి. మా అత్త గోడ వైపు చూస్తూ కూర్చుంది. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ చెయ్యి ఆపింది.

"నిజంగా రావా?"

నేను పంపు మూత సరిచేస్తున్నట్టు వంగాను.

"సరే, నువ్వుండు. నేనూ మాయమ్మా పోతాం. ఆ రాయి యాడుండాదో రాసియ్యి. కడియం ఉండే రాయి. మాయమ్మను దాని మీద కూసోబెట్టి పాదాలు తడపల్ల."

డ్రిప్పు పైపుల కరపత్రం వెనక్కి తిప్పి పటం గీశాను. బస్టాండు, ఊరి దారి, కొబ్బరి చెట్లు, ఇసుక, రాయి. రాయి మెడలో కడియం కూడా గీశాను. నా చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బస్సు టికెట్లతో పాటు పర్సులో పెట్టుకుంది. మొన్న పొద్దున్నే వాళ్లిద్దరూ మెట్లు దిగారు, మా అత్త గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకు ఆగి. తొట్టె దగ్గర నేను, నా చేప, డ్రమ్ములోంచి బొట్లు.

నిన్న సాయంత్రం ఫోను మోగింది. వీడియో. తెర నిండా వెలుతురు, ఏమీ కనబడలేదు. తర్వాత మెల్లగా నీళ్లు తేరాయి. మా ఆవిడ ఫోను ముందుకు పట్టుకుని నడుస్తోంది. ఆమె చెబుతున్నది నాకు వినబడటం లేదు. మా పంపు మోత. ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాను, పంపు స్విచ్చి ఆర్పాను. గోడ మీద పచ్చటి వెంట్రుకలన్నీ ఊగడం మాని అలాగే నిలబడిపోయాయి. అప్పుడు ఫోనులోంచి హోరు వినబడింది.

"యాడప్పా ఆ రాయి? మధ్యాన్నం నుంచి ఎతుకుతాండాం," అంది. "ఇదా?" ఒక నల్లరాయి చూపించింది. "ఇదా?" ఇంకోటి. పడవలవాళ్లను అడిగామనీ, ఇక్కడెక్కడా కడియం రాయి లేదన్నారనీ, అయినా వాళ్లమ్మ వినడం లేదనీ చెప్పింది. తెర పక్కకు తిరిగింది. దూరంగా మా అత్త. చీర మోకాళ్ల పైకి దోపుకుని, ఇసుకలో ఒక్కో పాదం పెకలించుకుంటూ, నడుము పట్టుకుని, ఇంకో రాళ్ల గుంపు వైపు పోతోంది. గాలికి ఆమె మాట తునకలుగా వచ్చింది. "అల్లుడు చెప్పిండాడు గదా... ముందరుంటాది..."

"దగ్గరుండే రాయి ఏదే?" అన్నాను.

"ఇదిగో, మాయమ్మ పక్కన."

"అదే. ఆ రాయే. కడియం తుప్పు పట్టి రాలిపోయింటాది. కూసోమను. అదే."

మా ఆవిడ కేక వేసింది. మా అత్త ఆగి, ఆ రాయిని అరచేత్తో తడిమి, కూర్చుంది. అల వచ్చి ఆమె పాదాల మీంచి పోయింది. చంటిబిడ్డకు నీళ్లు పోస్తే ఉలిక్కిపడినట్టు కాళ్లు పైకెత్తి, మళ్లీ దించింది. తర్వాత ఫోను మా ఆవిడ వైపు తిరిగింది. ఆమె కళ్లలోకి ఎండ పడుతోంది.

"నీళ్లు కాలి కింద ఇసుకను లాక్కుంటాండాయి," అంది. "అదొక్కటి నువ్వు చెప్పినట్టే ఉండాది."

ఆ ఒక్కటి. నేను ఇంకేదో చెప్పబోయాను. ఆమె ఫోను పెట్టేసింది. నేను లేచి పంపు వేశాను. గోడ మళ్లీ ఊగింది.

రేపు పొద్దున వాళ్లు దిగుతారు. వాళ్లు కాళ్లు కడుక్కునేలోపు మా ఆవిడకు కనబడేట్టు ఈ కాగితాలు డ్రమ్ము పక్కన పెడతాను. కాబట్టి పిడికిట్లోని ఉప్పు కింద పోసేసి చెబుతున్నాను. పైన రాసినదాంట్లో కల్పించింది ఒక్కటే, ఆ ఏడాది. పడవ లేదు, వల లేదు, ఎద్దులాంటి రాయి లేదు, కడియం లేదు. ఆ ఏడాది నేను చింతామణి మార్కెట్లో టమాటా పెట్టెలు లారీలకెక్కించాను. పడమటి నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు కాలి కింద ఇసుక జారే సంగతి చెబితే విన్నాను. సముద్రం నేను ఇప్పటికీ చూడలేదు. ఎవరితోనైనా పోతే బయటపడతానని, వెనక గోడను అడ్డం పెట్టుకుని ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చున్నాను. నేను లేకపోతే పగడాలు చస్తాయన్నదీ సాకే, కాకపోతే అది ఈ కాగితాల్లో పుట్టింది కాదు, ఆమెతో ఏటేటా అన్నది, దాని తీర్పు ఆమెకే వదిలేస్తున్నాను.

చేపకు కన్నడం వచ్చన్నది మాత్రం నిజం.